బీడు అని రాసిన కొండవాలు

పొయ్యి మీద అంబలి పొంగి బూడిదలో పడుతోంది. అమ్మ గంగ ఇంట్లో లేదు. గోడకి వేలాడే సొరబుర్ర కూడా లేదు. సామ విత్తనం ఉండేది అందులోనే. అమ్మ ఎక్కడికెళ్లిందో సోనికి అర్థమైంది. చెప్పులైనా వేసుకోకుండా కొండెక్కింది.

కొండ మీద తమ వాలు నేలలో ఇప్పుడున్నవి కార్బన్ కంపెనీ మొక్కలు. ఎక్కడో విదేశాల్లో పొగ వదిలే ఫ్యాక్టరీలు, దానికి బదులుగా ఇక్కడ చెట్లు పెంచమని డబ్బిస్తాయి. ఇరవయ్యేళ్లు అక్కడ గొడ్డలి గానీ పార గానీ పడకూడదు. ఊళ్లో డిగ్రీ చదివిన సోనినే కంపెనీ ఫీల్డ్ పనికి పెట్టుకుంది. రెండేళ్ల కిందట ఆ ఒప్పందం మీద అమ్మ చేత వేలిముద్ర వేయించింది కూడా ఆమే. ఇవాళ మొక్కలు లెక్కపెట్టడానికి కంపెనీ సారు వస్తున్నాడు.

పైన నలభై మొక్కలు పీకేసి ఉన్నాయి. గంగ పారతో నేల గీరుతోంది.

"ఏటి సేత్తన్నావమ్మా! నా ఉద్యోగం ఊడగొడతావా?"

"అరవకే గుంటా. మొక్కల్ని సంపలేదు. అదుగో, వేళ్లకి తడి ఆకు కప్పాను. ఇంకో దగ్గర పాతుకో."

"సంతకెళ్తే సామలు దొరకవా?"

"తినడానికి దొరుకుతాయే. ఇది మీ నాన్నమ్మ నాకిచ్చిన ఇత్తనం. ఈ వానకి పడకపోతే మరి మొలవదు. కింద మన కాఫీ తోట నీడలో సామ పండుద్దేటి? ఇత్తనాల పండక్కి అందరూ దోసిళ్లతో తెస్తే, నేను వట్టి సొరబుర్ర అట్టుకెళ్లాలా?"

"మరి ఆ రోజు వేలిముద్ర ఎందుకేశావు?"

గంగ పార ఆపింది. "నువ్వడిగావని. నేల అలిసిపోయిందని మూడేళ్లు పడుకోబెట్టాం. దాన్ని బీడని రాసేశావు. పడుకున్నోళ్లని సచ్చిపోయారని రాసేత్తారేటే మీ సదువుల్లో?"

ఫారంలో రెండే గడులు: సాగు, బీడు. చిన్నప్పుడు ఇదే వాలులో పిట్టల్ని తోలిన చేత్తోనే సోని రెండో గడిలో టిక్కు పెట్టింది.

కింద జీపు ఆగింది. దేవీప్రసాద్ సారు రొప్పుతూ ఎక్కొచ్చాడు. "ఎవరు పీకారివి?"

గంగ నోరు తెరిచేలోగా సోని ముందుకొచ్చింది.

"తప్పు నాది సార్. ఇది బీడు కాదు, సాగు నేల. ఈ నేల చెక్కని తీసేసి మ్యాపు మళ్లీ గీయాలి."

"పైవాళ్లు నిన్ను ఉంచరమ్మా."

"తెలుసు సార్. అయినా ఇదే రాయండి."

ఆయన తల గోక్కుని, ట్యాబ్ తెరిచి రాసుకుంటూ పక్కకి నడిచాడు.

గంగ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సొరబుర్ర వంచి, "బేగి సేతులు పట్టు గుంటా, వానొచ్చేత్తంది" అంది.

సోని ఫోను నేల మీద పెట్టేసి, రెండు చేతులూ చాచింది.