ఈసా రాయికి అర్థం

చీటీ మీద రెండే గుర్తులున్నాయి. మొదటిది ఇంగ్లిష్ ఆర్ అక్షరాన్ని కత్తితో చెక్కినట్టుంది. రెండోది నిలువుగా ఒక్క గీత.

"రైదో అంటే ప్రయాణం. ఈసా అంటే మంచు, ఆగిపోవడం," అన్నాడు ఖలీద్, బల్ల మీది పుస్తకం మూసేస్తూ. "ప్రయాణం ఆగింది. ముఠా మనుషులు రావడం లేదు. ఆపరేషన్ క్యాన్సిల్ చేసుకున్నారు. ఖలాస్."

ఇఫ్ఫత్ చీటీ వంకే చూస్తూ నిలబడింది.

2005 మార్చిలో ఒక గురువారం ఉదయం. అరబ్బు నగరం మనామా, సూక్ బజారులో బంగారం కొట్ల పైన రెండు గదులు. బయట కార్గో ఆఫీసు బోర్డు. లోపల ఖలీద్ ఇండియా గూఢచారి విభాగానికి స్టేషన్ చీఫ్. నిజామాబాద్ నుంచి వచ్చిన ఇఫ్ఫత్ పైకి టైపిస్టు, అసలు పని ఫీల్డ్ ఏజెంట్.

ఆ రోజు మధ్యాహ్నం రెండున్నర ఫ్లైటుకి డాక్టర్ ఉమైమా ఢిల్లీ వెళ్ళాలి. ఆమె కెమిస్టు. విషవాయువు సరుకు అమ్మే ఒక విదేశీ ముఠా దగ్గర తెలియక ఉద్యోగానికి చేరి, తెలిశాక కొనుగోలుదార్ల జాబితా కాపీ చేసుకుని బయటపడింది. మూడు వారాలుగా ఊరికి దూరంగా అవాలిలో ఒక పాత క్వార్టర్స్‌లో దాక్కుని ఉంది.

ముఠా ఆదేశాలు నాదియా ద్వారా వెళ్ళేవి. తల్లిది డెన్మార్క్, తండ్రిది బీరూట్. అదిలియా పేటలో ఒక కాఫీ షాపులో ఆకుపచ్చ సిల్కు గౌనుతో కూర్చుని, ఉత్తర దేశాల పాత గుర్తులు చెక్కిన రాళ్ళు పరిచి జోస్యం చెప్పేది. ముఠా నాయకుడు ఏ రాళ్ళు వెయ్యాలో ఫోన్‌లో చెబుతాడు. కస్టమర్‌లా వచ్చిన ముఠా మనిషి అర్థం విని వెళ్ళిపోతాడు. ఆరు నెలలుగా అవే గుర్తులు నాదియా రహస్యంగా ఖలీద్‌కి కూడా పంపుతోంది.

"ప్రయాణం ఎవరిది సార్?" అంది ఇఫ్ఫత్.

"అంటే?"

"వాళ్ళదని పుస్తకంలో రాసి ఉందా?"

ఖలీద్ విసుగ్గా కళ్ళజోడు తీశాడు. "మన ఎస్కార్టు బండ్లు రెండూ వెనక్కి పిలిచాను. ఎక్కువ బండ్లుంటే నలుగురి కళ్ళూ పడతాయి. డ్రైవర్ గంగన్న, గార్డు ఆతిఫ్ చాలు. నువ్వు డ్యూటీ దిగి రెస్ట్ తీసుకో."

ఆమె మెట్లు దిగింది గానీ ఇంటికి పోలేదు. పన్నెండున్నరకి నల్లటి అబాయా, చేతినిండా గాజులు, పెద్ద నల్లకళ్ళద్దాలతో ఒక వ్యాపారి భార్యగా నాదియా ఎదుట కూర్చుంది. పక్క టేబుల్ దగ్గర ఒక మనిషి పేపరు చదువుతున్నాడు. పది నిమిషాలైనా పేజీ తిప్పలేదు.

"నిన్న నాకో కల వచ్చింది," అంది ఇఫ్ఫత్. "రెండు రాళ్ళు. ప్రయాణం, మంచు. మా ఆయన ఊరికి పోవద్దని అర్థమా?"

నాదియా ముఖంలో ఏమీ కదల్లేదు. సంచీలోంచి రెండు రాళ్ళు ఏరి పక్కపక్కన పెట్టింది.

"ఈసాని అందరూ ఆగమనే అనుకుంటారు. ఒక్క రాయే వస్తే అంతే. పక్కన ఇంకో రాయి ఉంటే అది ఆ రాయిని గడ్డ కట్టిస్తుంది. అప్పుడు ప్రయాణం అడిగినవాళ్ళది కాదమ్మా. ఎవరి గురించి అడిగారో వాళ్ళది."

ఇఫ్ఫత్ ముందుకి వంగింది. "తలకిందులుగా పడితే?"

"చాలా రాళ్ళకి అర్థం మారుతుంది. దీనికి మారదు. ఎటు తిప్పినా ఒకటే గీత." ఆమె ఆ రాయిని వేలితో తన వైపుకి జరుపుకుంది. "ఇంకో మాట. మంచు బయటి నుంచి వచ్చి పడిందనుకోకండి. అది ఆ నీళ్ళలోనే పుడుతుంది."

పక్క టేబుల్ మనిషి పేపరు మడిచాడు.

"మీరు మీ కోసం ఎప్పుడన్నా చూసుకుంటారా?" అని అడిగింది ఇఫ్ఫత్, లేస్తూ.

"లేదు. భయం," అంది నాదియా, నవ్వుతూనే.

ఇఫ్ఫత్ వీధి మలుపు తిరిగి టాక్సీ ఎక్కింది. ఎయిర్‌పోర్టుకి, యల్లా, తొందరగా అంది. నీళ్ళలోనే పుడుతుంది. అంటే డాక్టరమ్మ ప్రయాణాన్ని ఆపేది మనవాళ్ళలోనే ఒకడు. ఎస్కార్టు తీసేశాక డాక్టరమ్మ పక్కన మిగిలింది ఇద్దరే. గంగన్న జగిత్యాల దగ్గరి మనిషి, పదకొండేళ్ళుగా ఇక్కడ కిరాయి కార్ల కంపెనీలో స్టీరింగ్ తప్ప ఇంకోటి పట్టనివాడు. ఇక మిగిలింది ఆతిఫ్.

ఖలీద్ ఫోను ఎంగేజ్. మళ్ళీ చేసింది. ఎంగేజ్. ఒకటీ పది అయింది. ఆమె గంగన్న నంబరు నొక్కింది.

"గంగన్నా, నేను ఇఫ్ఫత్‌ను. నా పేరు తియ్యకు. ఇంటికాడికెల్లి మీ ఆమె చేసినట్టు మాట్లాడు."

ఇంజను చప్పుడు మధ్య గంగన్న గొంతు వినిపించింది.

"ఆ, చెప్పు ముత్తెమ్మా," అన్నాడు గంగన్న. "బండి మీదున్న. బ్రిడ్జి దాటిన."

"పక్కన కూసున్నోనికి తెలుగు రాదు గదా?"

"ఏడ వస్తదే."

"ఎటు పొమ్మంటున్నడు?"

"సక్కగ పోయేది ఇడిసిపెట్టి ఒడ్డు దిక్కు మలుపుమంటున్నడు. ఏందో సామాన్ ఉన్నదట."

ఒడ్డు అంటే గలాలీ. అక్కడ పడవలుంటాయి. ఇఫ్ఫత్ కళ్ళు మూసుకుని తెరిచింది.

"వాని చేతులేడున్నయి?"

"ఒకటి కోటు లోపటనే ఉన్నది. పొద్దటిసంది తీస్తలేడు."

"గంగన్నా, ఆడికి పోతె డాక్టరమ్మను సంపుతరు. చూసినోనివని నిన్ను గూడ సంపుతరు. మలపకు. ఎయిర్‌పోర్టు గేటు కాడ పోలీసోళ్ళుంటరు, సిమెంటు దిమ్మెలుంటయి. వాడు కూసున్న దిక్కు దిమ్మెకు గుద్దు."

గంగన్న ఊపిరి వినిపిస్తోంది. అతన్ని ఈ పనిలోకి తెచ్చింది తనే. ఉత్త డ్రైవింగే గంగన్నా, ఏం కాదు అని చెప్పింది తనే.

"పిల్లకు జరం తగ్గిందా?" అన్నాడు చివరికి.

"వెనక మేడం బెల్టు పెట్టుకున్నదా?"

"ఆ. పెట్టుకున్నది. నేను గూడ పెట్టుకున్న." మళ్ళీ అన్నాడు, "ముత్తెమ్మా, ఫోన్ పెట్టెయ్యకు."

ఆమె పెట్టెయ్యలేదు. ఆతిఫ్ గొంతు వినిపించింది. ఎడమకి తిప్పు భాయ్, ఎడమకి. మళ్ళీ అదే మాట, ఈసారి గట్టిగా. ఏదో లోహం టక్కుమంది. డాక్టరమ్మ ఏదో అరిచింది. ఆ తర్వాత ఇనుప రేకుల మూట మేడ మీంచి కింద పడ్డట్టు ఒక చప్పుడు, ఆపైన లైను కట్టయింది.

టాక్సీ గేటు చేరడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాల్లో ఇఫ్ఫత్ ఎవరి పేరూ తలుచుకోలేకపోయింది.

కారు ముందుభాగం కుడివైపంతా దిమ్మెలోకి దిగబడి ఉంది. ఆతిఫ్ తలుపుకీ సీటుకీ మధ్య ఇరుక్కుని మూలుగుతున్నాడు. అతని పిస్తోలు ఒక పోలీసు చేతిలో ఉంది. సేఫ్టీ తీసే ఉంది. ఉమైమా నుదుట చిన్న గాటు, చేతిలో హ్యాండుబ్యాగు అలాగే ఉంది. గంగన్న రోడ్డు పక్కన కూర్చుని రెండు చేతులూ ముందుకి చాపి చూసుకుంటున్నాడు.

ఫ్లైటు ఇరవై నిమిషాలు ఆలస్యంగా లేచింది. డాక్టరమ్మా, జాబితా రెండూ అందులోనే వెళ్ళాయి.

సాయంత్రం ఖలీద్ చాలాసేపు పుస్తకాన్ని బల్ల మీద అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. "నేను పేజీలో ఉన్నది చదివాను," అన్నాడు. క్షమాపణలాగే ఉంది.

"నాదియా సంగతి?"

"కాఫీ షాపు నుంచి ఒంటిగంటకే వెళ్ళిపోయిందట. వెనకాలే ఒకడు వెళ్ళాడట. ఫ్లాట్ చూసి వచ్చాం. తాళం లేదు. పాస్‌పోర్టు డ్రాయర్‌లోనే ఉంది."

తను వెళ్ళి అడగకపోతే నాదియా ఇవాళ అక్కడే కూర్చుని ఉండేది. అడగకపోతే గలాలీ ఒడ్డున రెండు శవాలుండేవి. ఇఫ్ఫత్ ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఏ పుస్తకమూ వాటికి అర్థం చెప్పదు.

వారం రోజులు వెతికించారు. ఏమీ తెలియలేదు.

ఎనిమిదో రోజు గంగన్న ఆఫీసుకి వచ్చాడు. మెడకి పట్టీ, చేతిలో మడిచిన కాగితం. "మేడం, మీరు జర మా కార్ల కంపెనీకి చెప్పున్రి," అన్నాడు ఇఫ్ఫత్‌తో, ఇబ్బందిగా. "మెమో ఇచ్చిన్రు. డ్యూటీల ఉండంగ పెండ్లాంతోని ఫోన్ మాట్లాడుకుంట బండి నడిపిన్నట."