డేగ అంటించిన ఎర్ర స్టిక్కర్

“కాఫీలో విషం,” అన్నాడు చీఫ్. “సగం కప్పు తాగాడు. మిగతా సగం మన ల్యాబ్‌లో ఉంది.”

గోడ మీద ప్రొజెక్టర్ వెలుగులో బట్టతల ఇంజనీరు ఒకాయన నవ్వుతున్నాడు. పోయిన వారం దాకా ఆయన ఓ పంపుల కంపెనీలో ఫర్నేస్ డిజైనర్.

“కంపెనీ పంపులు చేస్తుంది గానీ, ఇప్పుడు వాళ్ల తాపత్రయమంతా పొగ తగ్గించడం మీదే,” చీఫ్ చెప్పుకుపోయాడు. “ఇన్నాళ్లూ బొగ్గు వేసి ఇనుము కరిగించారు. ఇప్పుడు కరెంటు ఫర్నేస్ పెట్టారు. ట్రయల్ సక్సెసైతే చుట్టుపక్కల ఫౌండ్రీలన్నీ అదే దారి పడతాయి. అప్పుడు బొగ్గు ఫర్నేసులు అమ్మే విదేశీ ముఠా ఏం చేయాలి?”

“ఈగలు తోలుకోవాలి,” అన్నాడు డేగ.

“అందుకే ట్రయల్ రోజున ఆ ఫర్నేస్ పేలిపోవాలని వాళ్ల ప్లాన్. ఎలా పేలుస్తారో తెలీదు. కనుక్కో. ఆపు.”

డేగ కాలు మీద కాలు వేసుకుని విన్నాడు. డేగ అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. ఇంట్లో బుడ్డోడంటారు. ఆ ముక్క డిపార్ట్‌మెంట్ వాళ్లెవరికీ తెలీదు.

చీఫ్ బల్ల మీద సామాను పరిచాడు. నెరిసిన మీసం ఒకటి. చీఫ్‌తో మాట్లాడేందుకు చెవిలో ఇమిడిపోయే రేడియో. పేలుడు మందు వాసన పసిగట్టే పెన్ను. ఫ్రేమ్ పక్కన నొక్కితే వేడిగా ఉన్నది ఎర్రగా, చల్లగా ఉన్నది నీలంగా చూపించే కళ్లజోడు. ఆఖర్న ఒక కట్ట ఎర్ర స్టిక్కర్లు. వాటి మీద తెల్లటి అక్షరాల్లో ఒకటే మాట: వృథా.

“కార్బన్ ఆడిటర్ వేషం నీది. కరెంటు ఎక్కడెక్కడ దండగవుతోందో వెతికే మనిషన్నమాట. ఏ గదికైనా తలుపు తీస్తారు. లోపల మన ఏజెంట్ ఉంది, కోడ్ నేమ్ నెమలి. ‘గొడుగు తెచ్చారా?’ అంటుంది. ‘తడవడమే ఇష్టం’ అనాలి నువ్వు. అన్నట్టు, ఆ కంపెనీలో నీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?”

“లేరు సార్,” అన్నాడు డేగ తడుముకోకుండా.

ఉన్నారని చెబితే మిషన్ ఇంకొకరి చేతికి పోతుంది మరి.

*

కంపెనీ నది వంపులో, పల్లంలో ఉంది. నది బుద్ధిగా పారిన రోజుల్లో కట్టారు దాన్ని. ఇప్పుడు వానలకి లెక్కాపత్రం లేదు, నదికి బుద్ధీ లేదు. అందుకని కంపెనీవాళ్లు వాతావరణం తెచ్చిపెట్టే ముప్పులు చూసుకోవడానికే ఒక రిస్క్ ఇంజనీరుని పెట్టుకున్నారు. మబ్బు కనబడితే చాలు మీటింగ్ పెడుతుందని పనివాళ్లు ఆవిడకి వానమ్మ అని పేరు పెట్టేశారు. మురుగు కాలువ చివర, నదిలో కలిసేచోట ఇనుప గేటు బిగించింది ఆవిడే. నది పెరిగితే గేటు దానంతటదే దిగుతుంది. కాలువలోంచి నీళ్లు వెనక్కి తన్ని షెడ్డులోకి రావు.

ఆ వానమ్మ డేగకి తోడబుట్టిన అక్క.

మొదటి రోజు మీటింగులో ఎండీ కొత్త ఆడిటర్‌ని అందరికీ పరిచయం చేసి, కంపెనీ పద్ధతి వివరించాడు. “మా దగ్గర స్టిక్కర్ అంటించాలంటే ఇద్దరుండాలి సార్. ఒకరు ‘ఇది వృథా’ అంటారు. రెండోవాళ్లు ‘అసలిది ఎందుకుంది?’ అని అడుగుతారు. జవాబు దొరక్కపోతేనే స్టిక్కర్. ఆ అడిగే పని మా వానమ్మగారిది.”

వానమ్మ చిరునవ్వుతో తలెత్తింది. ఆడిటర్ మొహం చూసింది, మీసం చూసింది, కిందికి చూసింది. ఎడమ కాలు కుడి బూటుని తొక్కుకుంటూ ఉంది. ఆవిడ నవ్వు ఆరిపోయింది.

వరండాలో దొరకబుచ్చుకుంది.

“మీసం ఊడుతోంది, సర్దుకో.”

“ఎవరనుకుని మాట్లాడుతున్నారో మేడమ్, నేను...”

“ఒరేయ్ బుడ్డోడా! అలా బూటు తొక్కుకుంటూ నిలబడే వెధవ భూమ్మీద ఒక్కడే. వాటర్ ఫిల్టర్లు అమ్మడం మానేసి ఈ వేషాలెప్పుడు మొదలెట్టావురా? ఏం చదివావని ఆడిటింగుకి వచ్చావు?”

డేగ గోడకేసి చూశాడు. నిజం చెప్పడానికి లేదు, ప్రమాణం ఉంది. అబద్ధం ఆడదామంటే నోరు రావడం లేదు.

“అమ్మ నీ ఫొటో అందరికీ చూపించి, మావాడు సేల్స్ మేనేజరని మురిసిపోతోంది,” అంది అక్క. “నీ పక్కన నిలబడి నేనేమని చెప్పుకోను ఇక్కడ? మా తమ్ముడు దొంగ ఆడిటరనా? నిన్ను పట్టివ్వలేను. అలాగని నీతో తిరగనూ లేను. తలనొప్పని చెబుతా. నీ తిరుగుడేదో నువ్వు తిరిగి, తొందరగా వెళ్లిపో,” అనేసి విసవిసా వెళ్లిపోయింది.

మారువేషంలో ఎన్ని సరిహద్దులు దాటాడో డేగ. ఎక్కడా చెమట పట్టలేదు. ఆ వరండాలో మాత్రం చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

“గొడుగు తెచ్చారా?”

కాసేపయ్యాక వెనక నుంచి వచ్చింది గొంతు. నీలం కోటు, నల్ల కళ్లద్దాలు, గదిలోకి ఆవిడకన్నా ముందు వచ్చే సెంటు వాసన. పైకి ఫారిన్ కన్సల్టెంటు. లోపల నెమలి.

“తడవడమే ఇష్టం,” అన్నాడు డేగ.

“మీ వానమ్మకి తలనొప్పట. స్టిక్కర్లకి రెండో మనిషిని నేనుంటా, పదండి.”

ఇద్దరూ తిరిగారు. కళ్లజోడు భలే పనిచేసింది. ఎక్కడ వేడి ఊరికే పోతోందో అక్కడ ఎర్రగా మెరిసేది. ఖాళీ గదుల్లో వెలుగుతున్న హీటర్లు, కారుతున్న ఆవిరి గొట్టాలు, గెస్ట్‌హౌస్ వెనక ఊరికే వేడెక్కుతున్న కారు ఛార్జరు. టపటపా ఆపేసి స్టిక్కర్లు అంటించాడు. నెమలి ఒక్కసారి కూడా ‘ఇదెందుకుంది?’ అని అడగలేదు. “మీ కన్ను చాలా షార్ప్,” అంది ప్రతిసారీ. నిజం చెప్పాలంటే డేగకి అది బాగానే ఎక్కింది.

ఆఖర్న కాలువ గేటు దగ్గరి గదిలోకి తీసుకెళ్లింది. గేటుని నడిపే కరెంటు పెట్టె తెరిచింది. లోపల ఓ మూల అగ్గిపెట్టెంత హీటరు ఎర్రగా వెలుగుతోంది.

“చూశారా? మండుటెండల్లో కూడా రాత్రనక పగలనక వెలుగుతూనే ఉంటుందట,” నవ్వింది నెమలి. “గేటుకి చలేస్తుందేమో పాపం!”

డేగ కూడా నవ్వాడు. స్విచ్ ఆపాడు. స్టిక్కర్ అంటించాడు. సాయంత్రం మీటింగులో ఆ చలి జోకు తన సొంతంలా చెప్పాడు. ఎండీ చప్పట్లు కొట్టాడు, అందరూ కొట్టారు. అక్క కుర్చీ ఖాళీగా ఉంది.

*

ఆ తర్వాత ముసురు పట్టుకుంది. ట్రయల్ రోజుకి గోడలన్నీ చెమ్మెక్కి ఉన్నాయి.

షెడ్డు నిండా జనం. గుంతలో దించిన కరెంటు ఫర్నేసులో ఇనుము కరిగి, ఉడుకుతున్న బెల్లప్పాకంలా కదులుతోంది. దాని మీటల దగ్గర ఫర్నేస్ ఆపరేటర్, ఫ్యాక్టరీ అంతా బాబాయ్ అని పిలిచే మనిషి. గుంత అంచున హెల్మెట్ పెట్టుకుని వానమ్మ. డేగ పెన్ను పట్టుకుని బ్యాగులు, బీరువాలు, ఎండీ కోసం తెచ్చిన పూలగుత్తి కూడా వాసన చూపించాడు. పెన్ను కిక్కురుమనలేదు.

“పైన నది పెరుగుతోందట,” మైకులో అన్నారు కంట్రోల్ రూమ్ వాళ్లు. “గేటు లైటు పచ్చగానే ఉంది. కంగారు లేదు.”

అప్పుడు గమనించాడు డేగ, నెమలి షెడ్డులో లేదు.

గెస్ట్‌హౌస్‌కి పరిగెత్తాడు. నెమలి సూట్‌కేసు కారులో పెడుతోంది. డేగ పిస్టల్ తీశాడు.

“బాంబెక్కడ?”

“బాంబెందుకు?” కళ్లద్దాలు తీసింది ఆవిడ. “కరిగిన ఇనుము మీదికి నీళ్లొస్తే చాలదూ, షెడ్డు కప్పు లేచిపోవడానికి? ఆ నీళ్లు తెచ్చే పని నది చూసుకుంటుంది.”

“గేటుంది.”

“దాని పెట్టెలోకి ఓసారి చూడు.”

అక్కణ్నుంచి గేటు గది కనబడుతోంది, తలుపు తీసే ఉంది. డేగ కళ్లజోడు నొక్కాడు. ఆ రోజు ఎర్రగా వెలిగిన పెట్టె ఇప్పుడు నదిలాగే నీలంగా ఉంది.

“ఆ హీటరు పెట్టెలో చెమ్మ చేరకుండా కాపాడేది,” పిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పింది నెమలి. “ఇన్నాళ్ల ముసురుకి లోపలి సర్క్యూటు తడిసి ఊరుకుంది. దిగమన్నా గేటు దిగదు. పచ్చ లైటు మాత్రం అలాగే వెలుగుతుంది. ఆ ఇంజనీరు కాఫీ తప్ప నేను ఒక్క స్క్రూ కూడా ముట్టుకోలేదు. ఆపింది నువ్వు, చప్పట్లు కొట్టించుకున్నదీ నువ్వే.”

“ఇదంతా నాకెందుకు చెబుతున్నావు?”

“నువ్వెవరికీ చెప్పవని. అందరి ముందుకెళ్లి ‘నేనే చేశాను’ అనే గూఢచారిని నేనింతవరకు చూడలేదు. కారెక్కు, పోదాం.”

ఆవిడ స్టీరింగ్ ముందు కూర్చుంది. పిస్టల్ ఆవిడకి గురిపెట్టే ఉంది. కానీ ఆవిణ్ని పట్టుకుంటే షెడ్డు పోతుంది. “నెమలి మనల్ని అమ్మేసింది సార్, కారులో పారిపోతోంది,” అని రేడియోలో చీఫ్‌కి చెబుతూ డేగ వెనక్కి తిరిగి పరిగెత్తాడు. వెనకాల కారు చప్పుడు లేకుండా జారిపోయింది.

షెడ్డులో మైకు లాక్కున్నాడు.

“గేటు... గేటులో ఏదో లోపముంది!”

“పచ్చ లైటు వెలుగుతోంది కద సార్,” అన్నాడు బాబాయ్. “మీకెవరు చెప్పారు?”

ఎవరో చెప్పారనొచ్చు. అనుమానమొచ్చింది అనొచ్చు. ఇలాంటప్పుడు ఆడాల్సిన అబద్ధాలు ట్రైనింగులో నూరిపోశారు, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. అక్క ఇటు చూడటం లేదు. వచ్చిన రోజు నుంచీ చూడటం లేదు. కళ్లజోడు ఇంకా నొక్కే ఉంది. ఎదుట కంట్రోల్ రూమ్ అద్దంలో ఒక మొహం కనబడింది, తనదే. ఫర్నేస్ తర్వాత షెడ్డులో అంత ఎర్రగా ఉన్నది అదొక్కటే.

“నేనే చేశాను,” అన్నాడు మైకులో. “నేను ఆడిటర్ని కాను. నాకేం తెలీదు. తెలీకుండా ఆపేశాను.”

వానమ్మ తిరిగి చూసింది.

“ఏది ఆపావురా?”

ఆ ‘రా’ షెడ్డు మూలమూలలా వినబడింది. ఎండీ నోరు తెరిచాడు.

“గేటు పెట్టెలో హీటరు.”

“ఎందుకుందని అడగలేదా?”

“అడగలేదక్కా.”

అక్క మొహంలో నెత్తురు లేదు. “అడగాల్సింది నేను,” అంది మెల్లిగా. “పరువు పోతుందని పడుకున్నాను.” మరుక్షణం గొంతు మారిపోయింది. “బాబాయ్! కరెంటు కట్ చెయ్. ఇనుము అచ్చుల్లోకి వంపెయ్, ఎంత వంపగలిగితే అంత. మిగతావాళ్లంతా బయటికి! బలమున్నవాళ్లు నాతో రండి, గేటు చేత్తో తిప్పి దించాలి. నువ్వు కూడా ఏడువు!”

గేటు మీద ఇనుప చక్రం. కాలువలో నీళ్లు అప్పటికే ఎదురెక్కుతున్నాయి, బురద నురగతో, ఎవరో తరుముతున్నట్టు. చక్రానికి అటు అక్క, ఇటు తమ్ముడు, చుట్టూ అచ్చులు తయారుచేసే మౌల్డింగ్ షాపు వాళ్లు. “తిప్పు, తిప్పు, చచ్చినట్టు తిప్పు!” అక్క అరుస్తోంది. డేగ అరచేతులు చీరుకుపోయాయి. మీసం ఊడి నీళ్లలో కొట్టుకుపోయింది. గేటు పళ్లు కొరుకుతున్నట్టు కిర్రుకిర్రుమంటూ అంగుళం అంగుళం దిగి, అడుగు రాతిని తాకి ధన్‌మంది.

షెడ్డులో నీళ్లు గుంత అంచుకి జానెడు దూరం దాకా వచ్చి, అక్కడ కాసేపు ఆలోచించి ఆగిపోయాయి. బాబాయ్ అదంతా చూసి, తడి నేల మీద చతికిలబడ్డాడు.

డేగ చెవిలో చీఫ్ గొంతు పలికింది. “నెమలి దొరికింది. వంతెన మీద కారు ఆగిపోయింది. ఛార్జింగ్ లేదట. నీ పనేనా?”

డేగకి గెస్ట్‌హౌస్ వెనక తను ఆపేసిన ఛార్జరు గుర్తొచ్చింది, అదెందుకుందని నెమలి కూడా అడగలేదు. “అంటించిన వాటిలో పనికొచ్చింది అదొక్కటే సార్,” అన్నాడు.

వానమ్మ గేటు పెట్టె తుడిచి, హీటరు స్విచ్ వేసింది. ఎర్ర స్టిక్కర్ని గోటితో జాగ్రత్తగా ఊడదీసింది. కంపెనీ మెయిన్ గేటు బయట డిపార్ట్‌మెంట్ జీపు ఆగడం, అందులోవాళ్లు తమ్ముడికి సెల్యూట్ కొట్టబోయి ఆగిపోవడం చూసింది. అర్థమైనంత అర్థమైంది. అడగలేదు.

“అమ్మకేం చెప్పను?”

“ఫిల్టర్లే అమ్ముతున్నానని చెప్పు.”

“అదే నయంలే, కాస్త పరువుగా ఉంది,” అంటూ ఆ స్టిక్కర్ని అతని చొక్కా జేబు మీద పెట్టి, అరచేత్తో గట్టిగా అదిమింది. “ఇదెందుకుందని అడిగాను. జవాబు దొరకలేదు.”

అని, తడి కొంగలా వణుకుతున్న వాడి భుజాల మీద తన కోటు కప్పింది.

జీపులో చీఫ్ పక్కకి జరిగి చోటిచ్చాడు.

“తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాను.”

“ఉన్నారు సార్. మా అక్క.”

“చొక్కా మీద అదేమిటి?”

డేగ తల వంచుకున్నాడు. కోటు సర్దుకున్నాడు గానీ స్టిక్కర్ కప్పుకోలేదు.

“ఆడిట్ రిపోర్టు సార్.”