కేకల రేవులో ఏసీ ఆగిన గంట

కూచిపూడి దాటి, పొలాల మధ్య రోడ్డు అయిపోయి, కృష్ణా కరకట్ట ఎక్కాక ఒక పాత రేవు వస్తుంది. కాగితాల్లో దాని పేరేదైనా కానీ, ఆ చుట్టుపక్కల అందరికీ అది కేకల రేవు. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ ఆగరు. సైకిలు మీద పోయేవాడు బెల్లు కొట్టడు. పక్కనున్నవాణ్ణి పేరు పెట్టి పిలవడు. ఎందుకంటే... ఏటి మీంచి ఎవరో పిలుస్తారట. పేరు పెట్టి మరీ పిలుస్తారట.

ఇలాంటివి నమ్మే మనిషిని కాను నేను. ముప్పై ఏళ్ళు కరెంటు పని చేశాను. దెయ్యం ఉందన్న ప్రతిచోటా నాకు లూజు వైరో, ఎర్తు లేని స్తంభమో, తాగి పడుకున్న మనిషో దొరికారు తప్ప ఇంకేమీ దొరకలేదు. అయినా ఈ సంగతి చెబుతున్నానంటే, నాకు చెప్పినవాడు హేమసుందర్ కాబట్టి. ఆటోనగర్‌లో మా పక్క షెడ్డులో ఏసీ మెకానిక్కు. అబద్ధమాడటం చేతకాక బతుకులో సగం పోగొట్టుకున్నాడు. అలాంటివాడు చెబితే వినక తప్పుతుందా?

రెండు వేల మూడు, మే నెల. ఊరూరా సెల్ టవర్లు లేస్తున్న రోజులు. రేవు పక్కన బంజరు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి టవరు వాళ్ళకి సులువుగా దొరికింది. టవరు కింద యంత్రాలకి చిన్న రేకుల గది కట్టారు. ఆ యంత్రాలకి వేడి పడదు. అందుకని గది గోడకి బయటివైపు రెండు ఏసీ ప్యాకేజ్ యూనిట్లు బిగించాలి — కంప్రెసరు, ఫ్యాన్లు, కాయిళ్ళు అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి, ఒక్కోటీ బీరువా అంత. ఆ పని హేమసుందర్‌ది.

పని శుభ్రంగా చేశాడు. ఇనుప స్టాండు మీద లెవెల్ చూశాడు, కింద రబ్బరు ప్యాడ్లు పెట్టాడు, గోడ కంతల చుట్టూ గాలి పోకుండా మూసి, నీళ్ళ పైపుని ఏటివైపు దించాడు. కంట్రోలర్లో సెట్టింగులు పెట్టాడు. ఆరు గంటలు ఒక యూనిట్టు, తర్వాత ఆరు గంటలు రెండోది. లోపల ఇరవై అయిదు డిగ్రీలు. ఇరవై తొమ్మిది దాటితే రెండూ కలిసి తిరగాలి.

ఇక మిగిలింది టెస్టు. నలభై ఎనిమిది గంటలు ఎక్కడా ఆగకుండా నడవాలి. గదిలో ఒక డబ్బా పెడతారు — గుండ్రటి కాగితం మెల్లగా తిరుగుతుంటే దాని మీద పెన్ను గది వేడిని గీతగా గీస్తుంది. గీత సాపుగా ఉంటే పాస్.

మొదటి టెస్టులో రాత్రి ఒకటిన్నర దగ్గర గీత లేచింది. గంటసేపు అలా పైకి పోయి, మళ్ళీ తనంతట తానే దిగింది. హేమసుందర్ వైర్లన్నీ విప్పి చూశాడు. ఏమీ లేదు. రెండో టెస్టు — అదే ఒకటిన్నర, అదే గంట.

"ఇంకోసారి గీత లేస్తే నువ్వు రానక్కర్లేదు" అన్నాడు విజయవాడ నుంచి వచ్చిన కంపెనీ ఆయన. "మిగతా సైట్లు వేరేవాళ్ళు చూసుకుంటారు."

మిగతా సైట్లంటే పదకొండు. అంతకు ముందు ఎనిమిది నెలలు పని లేక ఖాళీగా కూర్చున్నాడు హేమసుందర్. అందుకే మూడో టెస్టుకి గదిలోనే కాపలా పడుకుంటానన్నాడు.

వాచ్‌మన్ కొండలయ్య పొద్దుగూకే వేళకే సైకిలు బయటికి తీశాడు. పగలంతా గట్టు మీద పులిలా తిరిగే మనిషి, సూర్యుడు దిగేసరికి పిల్లి అయిపోతాడు.

"ఉండొచ్చుగా, ఇద్దరం ఉందాం" అన్నాడు హేమసుందర్.

"నాకు పిల్లలున్నారు సార్." కొండలయ్య గొంతు తగ్గించాడు. "ఒక్కటి గుర్తెట్టుకోండి. ఏటి మీంచి ఎవరన్నా పిలిస్తే పలకమాకండి. మూడోసారి కూడా పిలిస్తేనే మనిషి. రెండుసార్లతో ఆగిందా... అది మనిషి కాదు. ఈ రేవులో చిన్నపిల్లకి కూడా తెలుసది."

"ఇక్కడ ఎవరూ ఉండరా మరి?"

"ఆ గుడిసెలో రావమ్మ ఉంటది. పడవ నాగబాబు పెళ్ళాం. ఆమె ఎవరితో మాట్లాడదు లెండి."

సైకిలు కరకట్ట మీద దూరమైపోయింది.

ఒంటరితనం అంటే ఏమిటో ఆ రాత్రే తెలిసిందని చెప్పాడు హేమసుందర్. ఇటు పొలాలు, అటు ఏరు, మధ్యలో నెత్తిన ఎర్ర దీపం వెలిగే టవరు. అవతలి ఒడ్డున ఒక్క దీపమూ లేదు. అన్నం డబ్బా విప్పి రెండు ముద్దలు తిని మూసేశాడు. మాట్లాడటానికి మనిషి లేకపోతే అన్నం కూడా దిగదు కాబోలు. గది తలుపేసుకుని, పనిముట్ల పెట్టె మీద కూర్చుని, ఆ కాగితం మీద గీతనే చూస్తూ ఉండిపోయాడు.

గోడ అవతల యూనిట్టు హోరుమంటోంది. ఆ హోరు ఉన్నంతసేపూ ఎవరో తోడున్నట్టే అనిపించిందట.

పన్నెండు... ఒంటిగంట... ఒకటిన్నర.

టక్.

హోరు ఆగిపోయింది.

దీపం వెలుగుతూనే ఉంది. కరెంటు పోలేదు. కంట్రోలరు మాత్రం చచ్చి ఊరుకుంది. యూనిట్లకి బయట విడిగా ఇనుప స్విచ్చు బోర్డు ఉంది — దాని పిడి ఎవరో కిందికి లాగితే తప్ప ఇలా ఆగదు. ఎవరు లాగుతారు? కొండలయ్య ఎప్పుడో ఇల్లు చేరి ఉంటాడు.

చెవులు గుయ్‌మంటున్నాయి. అంత నిశ్శబ్దం అతను ఎప్పుడూ వినలేదు. గుండె కొట్టుకోవడం... ఏటి నీళ్ళు గట్టుకి తగలడం... ఆ తర్వాత, గోడ అవతల గులకరాళ్ళ మీద అడుగులు. నెమ్మదిగా... ఒకటి... ఒకటి... ఏటివైపు.

స్పానరు చేతిలోకి తీసుకున్నాడు. దెయ్యాన్ని స్పానరుతో ఏం చేద్దామనుకున్నావురా అని నేను తర్వాత ఏడిపించాను కూడా. తలుపు జానెడు తెరిచాడు.

నీళ్ళ అంచున తెల్లటి ఆకారం. వీపు ఇటు. పక్కన మసకగా ఒక లాంతరు. కదలదు... మెదలదు.

"ఎవరూ?" అన్నాడు.

ఆకారం తల తిప్పకుండానే చెయ్యెత్తింది.

"ఉష్... మాట్లాడమాక నాయనా. ఇననీ."

ముసలి గొంతు. మనిషి గొంతే. భయం పోయి హేమసుందర్‌కి కోపం వచ్చింది.

"స్విచ్చు లాగింది నువ్వేనా అమ్మా? రోజూ నువ్వేనా? నా ఉద్యోగం పోతుంది తెలుసా?"

"గంటే నాయనా. గంట కాగానే నేనే మళ్ళీ ఎగదోస్తా. కొండలయ్య చేస్తంటే చూసి నేర్చుకున్నా." రావమ్మ అప్పుడు ఇటు తిరిగింది. "నీ పెట్టెలు అరుస్తంటే ఏరు ఇనపడదయ్యా."

"ఏట్లో ఏముంది వినడానికి?"

ఆమె మళ్ళీ ఏటివైపు తిరిగింది. తర్వాత గుసగుసగా చెప్పింది.

పదకొండేళ్ళ కిందట, వరద రోజుల్లో, నాగబాబు అవతలి ఒడ్డున మనుషుల్ని దించి ఒక్కడే పడవ మీద తిరిగొస్తున్నాడు. చీకటి. వాన. నడి ఏట్లో పడవ బోల్తా పడింది. ఆమె గుడిసెలో మెలకువగానే ఉంది. ఇదే వేళ.

"పిలిచాడు. 'రావమ్మా' అని పిలిచాడు. నేను లేచి తలుపు గడియ మీద చెయ్యేశా. మళ్ళీ పిలిచాడు. నేను... ఆగా."

"ఎందుకు?"

"మూడోసారి పిలవాలిగా నాయనా." ఆమె లాంతరు దగ్గరికి జరుపుకుంది. "కాపరానికొచ్చిన కొత్తలో నన్ను కట్టుకున్న మావే చెప్పాడు. రేవులో ఎవరు పిలిచినా, నా గొంతులా ఉన్నా సరే, మూడో పిలుపు దాకా పలకమాక అన్నాడు. ఆగా. గడియ మీద చెయ్యేసి తెల్లారేదాకా ఆగా."

హేమసుందర్ చేతిలో స్పానరు కిందికి దిగిపోయింది.

"పలికితే గట్టు ఏవైపో తెలిసేది. ఈ లాంతరు చూపిస్తే ఈదుకుంటా వచ్చేవోడు. చీకట్లో అవతలికి ఈదాడంట... దిగువ లంకలో దొరికాడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అప్పట్నించి రోజూ కూచుంటన్నా. ఆ మూడోది ఇనపడితే పలుకుదామని. అంతే నాయనా. పలుకుదామని."

గది లోపల పెన్ను పైకి పాకుతోందని హేమసుందర్‌కి తెలుసు. నాలుగడుగులేసి పిడి ఎగదోస్తే చాలు. చిన్న ఒంపే, ఏదో వోల్టేజి అని సర్దిచెప్పుకోవచ్చు. పదకొండు సైట్లు, ఎనిమిది నెలల ఖాళీ అన్నీ కళ్ళముందు ఆడాయి. నాలుగడుగులూ వేశాడు. పిడి మీద చెయ్యేశాడు.

గడియ మీద చెయ్యేసి నిలబడ్డ ఆడమనిషి గుర్తొచ్చిందట.

చెయ్యి తీసేశాడు. వచ్చి ఆమె పక్కన గట్టు మీద కూర్చున్నాడు. ఇద్దరూ ఏరు విన్నారు. అరగంట... ముప్పావు. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె మాత్రం మెడ ముందుకి చాచి, ఊపిరి కూడా పొదుపుగా పీలుస్తూ వింటోంది. పదకొండేళ్ళుగా ఈ మనిషి రోజూ ఇలాగే కూర్చుంది. ఈ రాత్రి కూడా ఏమీ వినపడదు. రేపూ వినపడదు. చచ్చేదాకా వినపడదు.

అప్పుడు తోచిందతనికి. ఒక్క పిలుపు! మగ గొంతుతో, దూరం నుంచి వచ్చినట్టు, ఒక్కసారి "రావమ్మా" అంటే చాలు కదా?

మంచినీళ్ళు తాగొస్తానని లేచాడు. గది చుట్టూ తిరిగి వెనక్కి, చీకట్లోకి పోయాడు. అరచేతులు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"రావమ్మా...!"

గట్టు మీద లాంతరు ఒక్కసారి పైకి లేచింది.

"ఓయ్...! ఇటు మావా! గట్టు ఇటు! నేనిక్కడే ఉన్నా... ఇటు రా!"

ఆ కేకకి పొలాల్లో కొంగలు లేచాయట. పదకొండేళ్ళు గొంతులో దాచుకున్న కేక. లాంతరు అలాగే పైకెత్తి చాలాసేపు నిలబడింది. తర్వాత ఒత్తి తగ్గించింది. తనే నడిచొచ్చి, స్విచ్చు పిడి ఎగదోసింది. యూనిట్టు హోరందుకుంది.

"ఇంక నడుపుకో నాయనా" అని గుడిసెలోకి వెళ్ళిపోయింది.

పొద్దున కొండలయ్య వచ్చాక, బారెడు పొద్దెక్కినా రావమ్మ గుడిసె తలుపు తెరుచుకోలేదు. కంగారుపడి తొంగిచూస్తే, ఆదమరిచి నిద్రపోతోంది.

హేమసుందర్ ఏం చేశాడో చెప్పనా? కాగితం మీద గీత లేచిన చోట తన చేత్తోనే రాశాడు — 'యూనిట్టు నేనే ఆపి ఉంచాను' అని. కంపెనీ ఆయన మరో మెకానిక్కుని పంపాడు. వాడు ఒక్క స్క్రూ కూడా ముట్టుకోలేదు, నలభై ఎనిమిది గంటలూ గీత సాపుగా వచ్చింది. చూశారా, తప్పంతా హేమసుందర్‌దే అన్నారు. పదకొండు సైట్లూ పోయాయి. మళ్ళీ మా పక్క షెడ్డులో, లారీ క్యాబిన్లకి గ్యాసు నింపుకుంటూ కూర్చున్నాడు.

నాకు ఒళ్ళు మండేది. ఉద్యోగం పోగొట్టుకుంటే పోగొట్టుకున్నాడు కానీ, ఒక ముసలామెకి నిద్ర ఇచ్చాడు కదా, దానికి ఎవరైనా ఒక్క మంచి మాట అన్నారా? అందుకే కథ ఎప్పుడొచ్చినా నేనే చెప్పేవాణ్ణి, చివర్లో వాడి వీపు మీద ఒక్కటి చరిచేవాణ్ణి. వాడు తల దించుకుని ఊరుకునేవాడు. సిగ్గేమో అనుకున్నాను.

రెండేళ్ళయ్యాక ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఆటోనగర్ మొత్తం లేతులు, గ్రైండర్లు, కంప్రెసర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎంత నిశ్శబ్దమంటే ఎవరి మాట వాళ్ళకే కొత్తగా ఉంది. ఇద్దరం షెడ్డు ముందు కూర్చుని టీ తాగుతున్నాం.

"ఒరే, ఒక్కసారి ఆ పిలుపు పిలువు, ఎలా పిలిచావో వింటాను" అన్నాను సరదాగా.

హేమసుందర్ గ్లాసు కింద పెట్టాడు.

"నేనే పిలిచానని అందరూ అనుకున్నారు... నేనూ కాదనలేదు. నోటికి చేతులు అడ్డం పెట్టుకున్న మాట నిజమేనండీ. నోరు తెరిచాను, అంతే." నావైపు చూడకుండా గొంతు తగ్గించాడు. "కానీ నేను గది వెనక, పొలాలవైపు ఉన్నాను. ఆ పిలుపు ఏట్లోంచి వచ్చింది."