కడుపు నిండా

"ప్రొఫెసర్‌ని ఇవాళ పదకొండు గంటలకి చంపేస్తారు," అన్నాడు బాస్, ఫైల్లోంచి తలెత్తకుండానే. "ఇప్పుడు పది."

పిచ్చుక గోడ గడియారం చూశాడు. ఆఫీసులో అందరూ అతన్ని పిచ్చుక అనే పిలుస్తారు. పద్నాలుగేళ్ళ సర్వీసు, ఒంటి మీద రెండు తూటా మచ్చలు. తిండి మాత్రం నాలుగు మెతుకులు కతికి లేచిపోవడమే.

"ఎవరు? ఎలా?"

"ఎవరో తెలుసు, పరాయి దేశపు ముఠా. ఎలా అనేదే తెలియదు. ఎందుకో చెప్తా విను. ఈయన హార్మోన్ల మీద నలభై ఒక్క పేపర్లు రాశాడు. ఒంట్లో చక్కెర ఎక్కడ దాచుకుంటాం, ఎలా ఖర్చు పెడతాం అని. ఇరవై తొమ్మిదో పేపరు పట్టుకుని ముఠావాళ్ళు ఒక మందు తయారుచేశారు. చిన్న సూదిపోటు. పది నిమిషాల్లో ఒళ్ళు స్వాధీనం తప్పుతుంది, అరగంటలో రక్తంలో చక్కెర అడుగంటి మనిషి పోతాడు. ఇప్పటికి ముగ్గురు పోయారు. మూడు సర్టిఫికెట్లలోనూ గుండె ఆగిందనే ఉంది."

"ఇవాళ?"

"నలభై రెండో పేపరు చదువుతాడు. చచ్చినవాళ్ళ రక్తంలో ఆ మందుని ఎలా పట్టుకోవాలో అందులో ఉంది. కాపీ ఒక్కటే, ఆయన కోటు జేబులో. వాయిదా వెయ్యండి మహానుభావా అని కాళ్ళావేళ్ళా పడ్డాం. ముప్పై ఏళ్ళలో చెప్పిన టైము తప్పలేదు, ఇప్పుడూ తప్పను అన్నాడు. మొండిఘటం."

"లోపల మనవాళ్ళు?"

"దుబాసి. సభలో అనువాదం చేస్తుంది. ముఠా జీతం కూడా తీసుకుంటోంది, మనకోసమే."

"మనకోసమే అని నమ్మకమేనా?"

"డెబ్బై శాతం." బాస్ ఫైలు మూశాడు. "కోడ్ గుర్తుపెట్టుకో. ప్రొఫెసర్‌కి కనబడ్డవాళ్ళనల్లా తిన్నావా అని అడిగే అలవాటు. అక్కడ అందరికీ అది చెవిన పడి పాతబడిపోయింది, అనుమానం రాదు. ఆవిడ 'తిన్నారా' అంటుంది. నువ్వు 'కడుపు నిండా' అనాలి."

నిన్న మధ్యాహ్నం నుంచి పిచ్చుక కడుపులో కాఫీ తప్ప ఏమీ పడలేదు. భార్య పొద్దున్నే కట్టిచ్చిన టిఫిన్ డబ్బా మూత తియ్యకుండా కారు సీటు మీదే ఉంది. తర్వాత తిందాంలే అనుకున్నాడు. అతని జీవితంలో సగం భోజనాలు అలా తర్వాతకి పోయినవే.

పదీ ఇరవైకి మందుల కంపెనీ ప్రతినిధి వేషంలో, మెడకి టై, చేతిలో బ్యాగుతో సదస్సు హాలు వరండాలో నిలబడ్డాడు. జామర్ల పుణ్యమా అని లోపల ఫోన్లు పనిచెయ్యవు. బ్యాగులో నలభై ఒక్క పేపర్లూ ఉన్నాయి, దారిలో చదువుకోమని బాస్ ఇచ్చిన కట్ట. ఒక్కోదాని మొదట్లో ఉండే సారాంశం మాత్రం చదివాడు. అందరూ చదివేది అంతే.

దుబాసి ఆకుపచ్చ పట్టు గౌనులో, మెడలో హెడ్‌ఫోన్లతో వచ్చింది. గ్రాఫులు చూస్తున్న ముసలి శాస్త్రవేత్తలు కూడా కాసేపు గ్రాఫులు మానేశారు.

"తిన్నారా?" అంది.

"కడుపు నిండా."

ఆవిడ నవ్వి చెయ్యి కలిపింది. ఉంగరం తగిలినచోట చీమ కుట్టినట్టయింది.

"నవ్వుతూనే ఉండండి," అంది గొంతు తగ్గించి. "మీరెవరో ముఠాకి తెలిసిపోయింది, వెనక ఇద్దరు చూస్తున్నారు. మిమ్మల్ని నేను చంపకపోతే వాళ్ళు నన్ను చంపుతారు. మందు మీకు ఎక్కింది. ఇదిగో విరుగుడు." లిప్‌స్టిక్ గొట్టం ఒకటి అతని అరచేతిలోకి జారింది. "గ్లూకగాన్. తొడలో పొడుచుకోండి. లివర్లో దాచిన చక్కెరని రక్తంలోకి తోలుతుంది. ప్రొఫెసర్ ముప్పై ఎనిమిదో పేపర్లో చూశాను. ఆరు ఎలుకలకిస్తే ఆరూ బతికాయి."

"ప్రొఫెసర్ సంగతి?"

"కాలర్ మైక్. క్లిప్పులో సూది ఉంది. సౌండ్ ఇంజనీరు వేషంలో ఉన్నవాడు పదకొండుకి ఐదు నిమిషాల ముందు పెడతాడు. స్టేజి తలుపు అప్పటిదాకా తియ్యరు."

బాత్రూములో తలుపు గడియ వేసి పిచ్చుక సూది గుచ్చుకున్నాడు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. తగ్గడం మాట దేవుడెరుగు, ముచ్చెమటలు పట్టాయి. చేతులు వణికి టై ముడి ఊడలేదు. అద్దంలో తను ఇద్దరుగా కనిపించాడు. విరుగుడు పేరుతో ఇంకో విషం ఇచ్చిందా? ఆ మిగిలిన ముప్పై శాతం ఇదేనా?

బ్యాగులోంచి ముప్పై ఎనిమిదో పేపరు లాగాడు. సారాంశంలో ఆవిడ చెప్పిందే ఉంది, ఆరుకి ఆరు. పేజీ తిప్పాడు. ప్రయోగం ఎలా చేశారో చెప్పే చోట, ఎవరూ చదవని చిన్న అక్షరాల్లో ఉంది: ఈ ఆరు ఎలుకలకీ ముందుగా కడుపు నిండా మేత పెట్టాం. పస్తున్న ఎలుకల లివర్లో చక్కెర నిల్వ లేదు. వాటి మీద ఈ మందు పనిచెయ్యలేదు.

కడుపు నిండా. ఆవిడ అబద్ధం చెప్పలేదు. చెప్పింది తను.

పది యాభై. వరండా ఎడమ చివర టీ కౌంటరు, దాని మీద చక్కెర గిన్నె. కుడి చివర స్టేజి. రెండూ వందేసి అడుగులు. అతని కాళ్ళలో మిగిలింది ఒక్క వంద. కారులో టిఫిన్ డబ్బా గుర్తొచ్చి ఏడుపొచ్చింది. గుండె ఆగి పోయాడని భార్యకి చెబుతారు, ఆవిడ నమ్ముతుంది. ప్రొఫెసర్ పోతే ఆ కాగితమూ పోతుంది, ఇంకెంతమంది భార్యలు నమ్మాలో. పిచ్చుకకి చావాలని లేదు. గోడ పట్టుకుని కుడివైపు తిరిగాడు.

ఆ వంద అడుగులకీ ఐదు నిమిషాలు పట్టింది. తలుపు తీసి ఉంది. సౌండ్ ఇంజనీరు ప్రొఫెసర్ కోటు మడత పట్టుకుని క్లిప్పు తెరుస్తున్నాడు. పిచ్చుక పెన్ను పిస్తోలు తీశాడు. వేళ్ళు మాట వినలేదు, అది కిందపడి దొర్లిపోయింది. ఇంక మిగిలింది ఒళ్ళే. ఆ ఒళ్ళంతా తీసుకెళ్ళి వాడి మీద పడేశాడు. సూది వాడి అరచేతిలోనే దిగింది. వాడి కేకకి సెక్యూరిటీవాళ్ళు పరిగెత్తుకొచ్చి వాణ్ణీ, వరండాలోంచి పారిపోబోయిన ఆ ఇద్దరినీ పట్టుకున్నారు.

ప్రొఫెసర్ కింద కూర్చుని పిచ్చుక నుదురు తడిమాడు. "చెమటలు, వణుకు. నా మందే ఇది. బాబూ, తిన్నావా?"

"కడుపు నిండా," అంది పిచ్చుక నాలుక, అతన్ని అడక్కుండానే.

"హమ్మయ్య. అయితే గ్లూకగాన్ చాలు."

"నాతోనూ అదే అన్నారు," అంది అనువాదం గదిలోంచి పరిగెత్తుకొచ్చిన దుబాసి. "ఒకటి ఇచ్చాను కూడా. ఎందుకు పనిచెయ్యలేదో అర్థం కావట్లేదు."

"ఇంకోటి ఇద్దాం," అని ప్రొఫెసర్ తన సంచీలోకి చెయ్యి పెట్టాడు.

అబద్ధం, అది కోడ్ అని చెప్పాలనుకున్నాడు పిచ్చుక. నోరు పెగల్లేదు. కళ్ళకి చీకట్లు కమ్ముతున్నాయి. పిడికిట్లో నలిగిన పేపరుని నేల మీద పరిచి, చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. పస్తున్న ఎలుకలు. ఆ వేలే తీసి తన గుండెల మీద పెట్టుకున్నాడు.

ప్రొఫెసర్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "నువ్వు పస్తున్న ఎలుకవా?"

పిచ్చుక రెప్పలు ఆడించాడు.

"పళ్ళరసం. వేదిక మీది గ్లాసులన్నీ తెండి. అంబులెన్సు పిలిచి గ్లూకోజు ఎక్కించమనండి." గ్లాసు అతని పెదాలకి ఆనించి గుటక గుటకగా పట్టిస్తూ గొణిగాడు ఆయన, "ముప్పై ఏళ్ళలో నా చిన్న అక్షరాలు చదివినవాడివి నువ్వొక్కడివే. అదీ చావబోతూ."

సౌండ్ ఇంజనీరు పొద్దున బాగానే తిని వచ్చాడట. సంచీలోని గ్లూకగాన్ వాడికి చక్కగా పనిచేసింది, సాయంత్రానికి ముఠా పేర్లన్నీ వరసగా అప్పజెప్పాడు. నలభై రెండో పేపరు మాత్రం సరిగ్గా పదకొండు గంటలకే మొదలైంది. దుబాసి గొంతు ఎక్కడా వణక్కుండా దాన్ని అనువదించింది.

మర్నాడు ఆస్పత్రిలో పిచ్చుక చేతికి డ్రిప్పు, మంచం పక్కన కుర్చీలో టిఫిన్ డబ్బా పట్టుకుని భార్య. నిన్నటి నుంచి ఆవిడ అతనితో ఒక్క ముక్క మాట్లాడలేదు. బాస్ తలుపు తోసుకుని వచ్చి, నిలబడే అడిగాడు.

"తిన్నావా?"

పిచ్చుక భార్య వైపు ఒకసారి, బాస్ వైపు ఒకసారి చూశాడు.

"ముందు ఇది చెప్పండి బాస్. అడుగుతున్నారా, కోడ్ చెబుతున్నారా?"