పన్నెండో వెండి కత్తి

వెండి సామాన్ల వర్తకుణ్ణి పొద్దున్నే అతని షాపులోనే కాల్చి చంపారు. మధ్యాహ్నం ఏజెంట్‌కి చీఫ్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"వాన పడుతోందా?"

"గొడుగు ఉంది," ఏజెంట్ కోడ్ చెప్పాడు.

"నెక్స్ట్ టార్గెట్ మీ మామగారు. మిసైల్ డిజైన్ మొత్తం ఆయన బుర్రలోనే ఉంది. ఈ సాయంత్రం ఆయన తాగే వైన్‌లో విషం కలుపుతారని నెమలి కబురు పంపింది. నువ్వు అక్కడే ఉండు."

నెమలి అన్నది కోడ్ పేరు. చనిపోయిన వర్తకుడి షాపులో రెండేళ్లుగా సేల్స్ చూస్తున్న అందగత్తె. విదేశీ ముఠాలో చేరి, వాళ్ల గుట్టు మనవాళ్లకి చేరవేసే డబుల్ ఏజెంట్.

ఏజెంట్‌కి భయం పట్టుకుంది. తుపాకులకు ఎదురెళ్లినవాడే. కానీ సాయంత్రం ఆ ఇంట్లో తన భార్య కూడా ఉంటుంది. ఆమె లెక్కలో అతను ఇన్సూరెన్స్ కంపెనీ గుమాస్తా.

మామగారికి పాత ఇంగ్లీషు వెండి అంటే ప్రాణం. రెండు వందల ఏళ్లనాటి డిన్నర్ కత్తుల సెట్‌లో పదకొండు ఎలాగో సంపాదించాడు. పన్నెండోది ఇవాళ నెమలి తెచ్చిస్తోంది.

నెమలి వచ్చేసరికి మామగారు మేడమీద భూతద్దం వెతుక్కుంటున్నాడు. ఏజెంట్ డైనింగ్ రూమ్‌లో, ఐస్ బకెట్‌లో ఉన్న వైన్ సీసాకి కాపలా కాస్తున్నాడు. సీసా మార్చేశాడు, గ్లాసులు తనే కడిగాడు. 

భార్య పొగలు కక్కే గిన్నె తెచ్చి బల్లమీద పెట్టింది. నెమలి తెచ్చిన కత్తిని పిడితో సహా అందులో వదిలేసింది.

"వేడినీళ్లెందుకు?"

"ఆవిడే చెప్పిందండీ. నానబెడితే తళతళలాడుతుందట. నాన్న దిగేలోపు చేసిపెట్టమని, పనుందని వెళ్లిపోయింది."

ఏజెంట్‌కి అప్పుడు వెలిగింది. ఈ కత్తుల పిడి లోపల బోలు. అందులో లక్క నింపి, దాంతోనే అలుగుని నిలబెడతారు. వేడినీళ్లు తగిలితే లక్క కరిగి పిడి ఊడొస్తుంది. ఈ సంగతి మామగారు ప్రతి భోజనంలోనూ అల్లుడికి చెప్పి చంపుతాడు; కూతురు ఆ టైముకి వంటింట్లో ఉంటుంది. రెండేళ్లు వెండి అమ్మిన మనిషికి తెలియకపోవడమా? అంటే వైన్ కబురు బూటకం, నెమలి నిజంగా ఆ ముఠా మనిషే. పిడిలో ఉన్నది లక్క కాదు.

మరిగే నీళ్లలో చెయ్యి పెట్టాడు. చర్మం చుర్రుమంది. కత్తి లాగి ఐస్ బకెట్ అడుక్కి దిగేసి, భార్యని గోడ వైపు తోసి తన ఒంటితో కప్పాడు. కళ్లు మూసుకున్నాడు.

ఏమీ పేలలేదు.

"నెమలిని గేటు దాటనివ్వకండి," కఫ్‌లింక్ మైక్‌లో గొణిగాడు. డ్రైవర్ వేషంలో ఉన్న సహచరుడు పరుగున వచ్చి బకెట్ ఎత్తుకుపోయాడు. కాసేపటికి చెవిలో అతని గొంతు వినిపించింది. "నెమలి దొరికింది సార్. పిడి నిండా పేలుడు మందే. అది కంటపడిందనే పొద్దున వర్తకుణ్ణి చంపేశారట. ఇంకాస్త వేడెక్కితే ఇల్లే ఉండేది కాదు."

"కత్తి కోసం చెయ్యి కాల్చుకుంటారా?" భార్య కళ్లలో నీళ్లు.

"దానికింకా ఇన్సూరెన్స్ చేయలేదు," అన్నాడు. ఆమె భుజం మాత్రం వదల్లేకపోయాడు. వదిలితే ఉండదేమోనని భయం.

మామగారు దిగొచ్చి సంగతి విన్నాడు. "వేడినీళ్లలోనా? లక్క కరిగిపోదూ? కత్తేదీ?"

"రిపేరుకి పంపాను మామయ్యా."

ఆయన అల్లుడి వంక మొదటిసారి గౌరవంగా చూశాడు. "ఇన్నేళ్లూ నేను చెబుతుంటే కునుకు తీస్తున్నావనుకున్నాను. కూర్చో, ఇవాళ ఫోర్కుల సంగతి మొదలుపెడతాను."

ఏజెంట్ కాలిన చేతికి తడిగుడ్డ చుట్టుకుని భార్య పక్కనే కూర్చున్నాడు. ఈసారి కునుకు తీయలేదు.