ఆదివారంలోగా మెరుపు

"ఇందులో ఉన్నది ఎవరండీ?"

ఐడీ కార్డు ఫోటో స్టూడియో కౌంటర్ మీద టప్పున పెట్టి అడిగింది ఆ అమ్మాయి. జుట్టు ఇంకా తడారలేదు. భుజాన తువ్వాలు, మెడలో విజిల్.

ఫోటోగ్రాఫర్ కార్డుకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. "మీరేనండీ."

"మా గేటు దగ్గర వాచ్‌మన్ నమ్మట్లేదు. 'మీ చెల్లెలి కార్డు తెచ్చారేంటమ్మా' అంటున్నాడు. నా మొటిమలన్నీ ఏం చేశారు?"

"తీసేశానండీ. అందరికీ తీసేస్తాం."

"నేను అడిగానా?"

"లేదండీ..."

"మా డాక్టరు గారు నెలలు పడుతుందన్న పని మీరు నిమిషాల్లో చేసేశారన్నమాట. అదేదో మొహం మీదే చేసిపెట్టొచ్చుగా!"

అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఆమెకు ఒళ్ళు మండింది. కాసేపటికి ఆమెకూ నవ్వొచ్చింది. ఆమె కోరినట్టే, ఉన్నది ఉన్నట్టు ఇంకో ఫోటో తీసిచ్చాడు.

వెనక వీధిలోని ఈత కొలనులో ఆమె కోచ్. ఆ సంగతి తెలిసిన మర్నాడే అతను ఈత నేర్చుకోవడానికి చేరిపోయాడు. నీళ్ళంటే చచ్చేంత భయం కనుక అతణ్ణి పిల్లల బ్యాచ్‌లో వేశారు. ఆ బ్యాచ్‌లో మీసాలున్నవాడు అతనొక్కడే.

"ఫోటో గారూ, గట్టు వదలండి!"

"వదిలితే మునిగిపోతానండీ!"

"నీళ్ళు మీ నడుం దాకా కూడా లేవు. ముందు నిలబడండి!"

పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. అతను గట్టు వదిలేసరికి వాళ్ళిద్దరి మధ్యా 'గారు' కూడా వదిలిపోయింది.

ఒక సాయంత్రం ఆమెతోపాటు మందుల షాపుకు వెళ్ళాడు. ఆమె ఒక్కో డబ్బా వెనక్కి తిప్పి, చిన్న అక్షరాలు కళ్ళు చికిలించి చదువుతోంది.

"ఆ గులాబీరంగు సీసా తీసుకో, భలే ఉంది," అన్నాడు.

"వాసన ఇంకా భలే ఉంటుంది. అందుకే వద్దు. సెంటు కలిపినవి నా చర్మానికి పడవు."

"మరి నీ చేతిలో ఉన్న ఆ బుల్లి ట్యూబు?"

"డాక్టరు గారు రాసింది. రెటినాయిడ్ అని, మొటిమల మందు. రాత్రి పూట, మొహం బాగా ఆరాక, బఠాణీ గింజంత తీసుకుని మొహమంతా పల్చగా రాయాలి. ఎక్కువ రాస్తే తొందరగా తగ్గుతుందనుకున్నామో, పొట్టు లేస్తుంది."

"దానికి తోడుగా ఇంకేం కావాలి?"

"చర్మాన్ని బిగలాగేయని ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్. అంతే. ఈ మందు వాడితే చర్మం ఎండకి ఇట్టే కందిపోతుంది. నా ఉద్యోగం చూస్తే ఎండలోనే, పైగా క్లోరిన్ నీళ్ళలో."

అతను ఆమె బుట్టలోకి తొంగిచూశాడు. "అన్నీ చవకవే తీశావేంటి? పనిచేస్తాయంటావా?"

"చర్మానికి రేటు చదవడం రాదు బాబూ. పడేది ఏదో, పడనిది ఏదో, అంతే తెలుసు దానికి."

బయటికొచ్చేసరికి వాన. ఇద్దరూ షాపు రేకు కిందే నిలబడిపోయారు. మందు మొదలుపెట్టిన కొత్తలో మొటిమలు ఇంకాస్త ఎక్కువవుతాయని డాక్టరు ముందే చెప్పింది. అలాగే అయ్యాయి. ఆమె బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. చినుకు పడితే చురుక్కుమంటుందని తువ్వాలు అడ్డం పెట్టుకుంది.

"ఒక మాట చెప్పనా?" అన్నాడు.

"మునిగిపోతున్నానని తప్ప ఇంకేదైనా చెప్పు."

"మునిగిపోయాను. చాలా రోజులైంది."

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "మొహం ఇలా ఉన్నప్పుడేనా చెప్పేది?" అంది తువ్వాలు వెనకనుంచి.

"ఎలా ఉంది?"

ఆమె మెల్లగా తువ్వాలు దించింది. వాన వెలిసినా ఇద్దరూ అక్కణ్ణుంచి కదల్లేదు.

అప్పుడతని మాటలో అబద్ధం లేదు. ఆ మొహం అతనికి నచ్చింది. చిక్కంతా ఆ మొహాన్ని ఇంకొకరి కళ్ళతో చూడాల్సి వచ్చినప్పుడే మొదలైంది.

ఆదివారం నిన్ను చూడ్డానికి వస్తున్నాను, నువ్వు చెప్పిన ఆ అమ్మాయిని కూడా చూపించు అని అమ్మ ఫోన్ చేసింది. అతను ఎగిరి గంతేశాడు. ఆ వెంటనే ఆమె బుగ్గలు గుర్తొచ్చాయి. అమ్మ ఏమనుకుంటుందో! ఆ బెంగతోనే పెద్ద షాపులోకి వెళ్ళి, మెరిసే పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. అందులో చర్మాన్ని ఒలిచి నిగారింపు తెచ్చే పీల్ ఒకటి, రుద్దుకునే స్క్రబ్ ఒకటి.

"ఆదివారంలోగా మెరుపు గ్యారంటీ అట!" అని ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళలోంచి పోయింది. "దేనికిది?"

"ఊరికే. అమ్మ వస్తోంది కదా, కాస్త ఫ్రెష్‌గా ఉంటావని..."

"నా మందు మీద ఇలాంటివి వాడొద్దన్నారు. డాక్టరు గారిని అడిగి..."

"ఒక్కసారికి ఏమవుతుంది? అందరూ వాడుతున్నారు. నా కోసం, ప్లీజ్."

ఆమె పెట్టెను కాసేపు చేతిలో అటూ ఇటూ తిప్పింది. మందుల షాపులో చదివినట్టు చిన్న అక్షరాలు మాత్రం చదవలేదు. "సరే," అంది.

శనివారం పొద్దున్నే ఫోన్ చేసింది. మాట సరిగ్గా రావడం లేదు. "మొహం మండిపోతోంది. నీళ్ళు తగిలినా తట్టుకోలేకపోతున్నా."

అతను పరుగున వెళ్ళి క్లినిక్‌కు తీసుకెళ్ళాడు. కళ్ళు వాచాయి. బుగ్గల మీద చర్మం లేచి, రసి కారుతోంది. డాక్టరమ్మ చూడగానే తల పట్టుకుంది.

"రెటినాయిడ్‌తో చర్మం అసలే పొడిబారి, సున్నితంగా ఉందమ్మా. దాని మీద ఈ పీల్‌లోని యాసిడ్, ఆపైన రుద్దుడు. పుండు మీద కారం చల్లుకున్నట్టే. ఇంత జాగ్రత్తగా ఉండేదానివి, ఎవరిచ్చారివి నీకు?"

ఆమె అతనివైపు చూడలేదు. "నేనే కొనుక్కున్నానండీ."

'కాదండీ, నేనే తెచ్చాను.' చిన్న మాట. గొంతు దాకా వచ్చింది. డాక్టరమ్మ మొహంలోని కోపం చూసి అక్కడే ఆగిపోయింది. అతను చేతిలోని నీళ్ళ సీసా మూతను తిప్పుతూ కూర్చున్నాడు.

"చదువుకున్నదానివి!" అని డాక్టరమ్మ ఆమెను ఇంకా చీవాట్లు పెడుతూనే ఉంది. తాను చెప్పేదాకా మొహానికి మాయిశ్చరైజర్ తప్ప మందుతో సహా ఏదీ రాయొద్దంది. ఆమె అన్నిటికీ తలూపింది.

ఆటో ఎక్కేటప్పుడు మాత్రం, "నువ్వు రావొద్దు, నేను వెళ్తాను," అంది.

ఆదివారం అమ్మ వచ్చింది. ఆమెకు ఒంట్లో బాగాలేదట అన్నాడు. కొడుకు మొహం చూసి అమ్మ ఊరుకోలేదు. చివరికి అంతా చెప్పేశాడు, క్లినిక్‌లో నోరు మెదపకపోవడంతో సహా.

అమ్మ చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"నేను మొహం చూడ్డానికి వస్తున్నానని ఎవరు చెప్పార్రా నీకు? చిన్నప్పుడు బకెట్టు నీళ్ళు చూస్తే ఏడ్చేవాడివి. నిన్ను కొలనులో దింపిన పిల్ల ఎవరో చూద్దామని వచ్చాను. నాకు నచ్చేసింది కూడా. పోయి చెప్పు."

పోయి చెబుదామనే వెళ్ళాడు. ఆమె గది తలుపు తీయలేదు. ఫోన్ ఎత్తలేదు. కొన్నాళ్ళకు ఊరి అవతలి చివరనున్న ఇంకో కొలనుకు మారిపోయిందని తెలిసింది. అక్కడికి వెళ్ళడానికి అతనికి చలికాలమంతా పట్టింది.

ఆమె గట్టు మీద పిల్లల కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంది. చర్మం మానింది. బుగ్గ మీద లేత మచ్చలు ఒకటి రెండు మిగిలాయి. మళ్ళీ ఆ చవక డబ్బాలే, ఆ బుల్లి ట్యూబే వాడుతోందట. అడిగితే చెప్పింది. గొంతులో కోపం లేదు.

"ఆ రోజు డాక్టరు గారి ముందు నేనే చెప్పాల్సింది," అన్నాడు. "అసలా పెట్టె తేవడమే తప్పు. నీ మొహంలో నాకు లోటేం కనబడలేదు. అమ్మకి కనబడుతుందని భయపడ్డాను. ఆవిడకేమో... నువ్వంటే ఇష్టం. చూడకుండానే."

"పెద్దావిడకి నా నమస్కారం చెప్పు."

"క్షమించలేవా?"

"ఎప్పుడో క్షమించాను. కానీ నువ్వు లోపలికి రాగానే ఏం చేశానో చూశావా? మచ్చలున్న బుగ్గ అటు తిప్పుకుని కూర్చున్నాను. ఇక్కడ ఎవరి ముందూ అలా చెయ్యను. నీ ముందే చేస్తున్నా. జీవితమంతా అలా కూర్చోలేను."

అతను తలూపి గేటువైపు నడిచాడు.

పిల్లలు కేకలు పెడుతూ వచ్చేశారు. ఆమె లేచి విజిల్ ఊది వాళ్ళతోపాటు నీళ్ళలోకి దిగింది. అతను గేటు దగ్గర ఒక్కసారి ఆగాడు. పిల్లలు నాలుగు వైపుల నుంచీ ఆమె మొహం మీదికి నీళ్ళు చిమ్ముతున్నారు. ఆమె ఎటూ తిప్పుకోకుండా, ఎండలోకి మొహమెత్తి పకపకా నవ్వుతోంది.

ఇంకాస్త సేపు చూడాలనిపించింది. కానీ తను కనబడితే ఆ మొహం పక్కకు తిరుగుతుందని, ఆమె ఇటు చూసేలోపే వెళ్ళిపోయాడు.