పది గీతలు

ఓర్వకల్లు రాతినేల మీద కార్ల పందేలు మొదలై అప్పటికి ముప్ఫై ఏళ్లు. 2079 నాటికి కార్లకు చప్పుడు పోయింది. గంటకు నాలుగువందల ఎనభై కిలోమీటర్ల వేగంతో పోతున్నా గాలి చీలిన శబ్దం తప్ప ఏమీ వినిపించేది కాదు. అయితే కొత్తగా చూడవచ్చినవాళ్లు ఆశ్చర్యపోయేది వేగానికి కాదు, డ్రైవర్ల మెడలు చూసి. కారెక్కి బెల్టులు బిగించుకున్నాక కూడా వాళ్లు తీరుబడిగా తల తిప్పి పక్కకారు వైపు చూసేవారు, జనానికి చెయ్యూపేవారు. మెడచుట్టూ బూడిదరంగు కండువాలాంటిది ఒకటి ఉండేది, అంతే. దాని పేరు మెడకాపు. దాన్ని తయారుచేసింది డాక్టర్ మందాకిని.

అంతకుముందు డ్రైవర్లు వాడింది భుజాల మీద కూర్చునే గట్టి కార్బన్ పరికరం. అందరూ దాన్ని కాడి అనేవారు. కారు గోడను గుద్దినప్పుడు బెల్టులు ఒంటిని ఆపుతాయి గాని తలను ఆపలేవు. హెల్మెట్ బరువుతో తల ముందుకు విసురుగా పోతే పుర్రె అడుగున ఎముక విరుగుతుంది. కాడి నుంచి హెల్మెట్‌కు కట్టిన రెండు పట్టీలు ఆ విసురును పట్టి ఆపేవి. ఎందరి ప్రాణాలో నిలబెట్టింది కాడి. కానీ అది మెడలో ఉంటే తల జానెడు కూడా తిరిగేది కాదు. ఎద్దుకున్నపాటి స్వేచ్ఛ కూడా మాకు లేదని డ్రైవర్లు విసుక్కునేవారు.

మందాకిని మెడకాపులో జెల్ నింపింది. మామూలుగా తేనెలా కదిలే ఆ జెల్, విద్యుత్తు తగిలితే ఆరు మిల్లీసెకన్లలో ఉక్కులా బిగుసుకుంటుంది. అసలు చిక్కు ఎప్పుడు బిగియాలన్నదే. కారు గుద్దుకున్నాక బిగిస్తే ఆలస్యం. రాడార్‌ను నమ్ముకుంటే, కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయే పందెంలో అది చుట్టుకు వందసార్లు బిగిసింది. రెండేళ్లు తల పగలగొట్టుకున్నాక ఆమెకు తెలిసింది, ఏది ప్రమాదమో ఏది కాదో డ్రైవరు మెడకే తెలుసని. మనసుకు తెలిసేలోపే మెడవెనక కండరాలు బిగుసుకుంటాయి. మెడకాపు ఆ కదలికను పసిగట్టి జెల్‌ను గట్టిపరుస్తుంది. దానికి ఆమె బిగువు సంకేతం అని పేరు పెట్టింది. తేలిక మాటల్లో చెప్పాలంటే అది భయం.

మొదట దాన్ని వేసుకోవడానికి ఒప్పుకున్నవాడు ఫిరోజ్, కర్నూలు మెకానిక్ కొడుకు. మొదటి ఏడాదే అతని కారు రెండుసార్లు బోల్తాపడింది. రెండుసార్లూ తనంతట తను నడిచొచ్చాడు. వాళ్లమ్మ చేసిన డబల్ కా మీఠా డబ్బా పట్టుకుని ప్రయోగశాలకు వచ్చి మందాకినిని అక్కా అని పిలిచాడు. అప్పటినుంచి ఆమెకు అతను డ్రైవరు కాదు, తమ్ముడు.

మొదట్లో మెడకాపు కింద కూడా కాడికున్నలాంటి రెండు పట్టీలు, కాస్త వదులుగా, ఉండేవి. ఎడమ మలుపులో అవి లాగుతున్నాయని, వాటిని తీసెయ్యమని అడిగింది కూడా అతనే. ప్రయోగశాలలో పెద్దాయన పరాంకుశం, జీవితమంతా కాడులు చేసినవాడు, మెడకాపు కింద ఆ రెండు పట్టీలూ ఉండనీ తల్లీ, వాటి దారిన అవి పడుంటాయి అన్నాడు. మందాకిని తమ్ముడి మాట విన్నది. పట్టీలు కత్తిరించింది. ఆ ఏడాదే మెడకాపు హక్కులన్నీ పందేల సమితికి రాసిచ్చింది.

మూడో ఏడు డ్రైవర్ల బిగువు సంకేతం సన్నగిల్లుతున్నట్టు నివేదిక వచ్చింది. మందాకిని సంతోషించింది. డ్రైవర్లు ఎంత నిబ్బరంగా ఉన్నారో చూడండని వ్యాసం రాసింది. సంకేతం చిన్నదైనా మెడకాపు పనిచేసేలా అది బిగిసే స్థాయిని సగానికి దించింది. మరుసటేడు మళ్లీ సగానికి దించింది.

ఐదో ఏడు జనవరి పందెంలో ఎనిమిదో చుట్టులో ముందుకారు చక్రం ఊడి ఫిరోజ్ దారికి అడ్డంగా దొర్లింది. అతని కారు తిన్నగా పోయి గోడను గుద్దింది. వైద్యులు అతన్ని బయటికి తీసేటప్పటికి మెడకాపు ఇంకా గుడ్డలా మెత్తగానే ఉంది. ప్రాణం దక్కింది. మెడకింద ఏదీ కదల్లేదు.

మందాకిని ఆ మెడకాపును తెచ్చి పరిశీలక యంత్రంలో పెట్టింది.

"లోపం ఎక్కడుంది?" అని అడిగింది.

"లోపం లేదు. జెల్, విద్యుత్తు, సంకేత గ్రాహకం మూడూ సరిగ్గా ఉన్నాయి," అంది యంత్రం.

"మరి ఎందుకు బిగియలేదు?"

"ఆజ్ఞ రాలేదు. గోడ తగిలేదాకా డ్రైవరు మెడ వదులుగానే ఉంది."

 మందాకిని మిగిలిన పదిమంది డ్రైవర్ల ఐదేళ్ల సంకేతాలు గీతలుగా గీయించింది. చూసి, కాగితం మడిచి, కర్నూలు ఆసుపత్రికి బయల్దేరింది.

ఫిరోజ్ మెలకువగానే ఉన్నాడు. వాళ్లమ్మ మంచం పక్కన్నుంచి లేచి మందాకినికి కుర్చీ ఇచ్చింది. ఆ మర్యాద ఆమెకు దెబ్బకన్నా ఎక్కువ తగిలింది. గోడ కనిపించలేదా అని ఫిరోజ్‌ను అడిగింది.

"కనపడింది అక్కా. బాగానే కనపడింది. ఏమైతాదిలే, మెడకాపు ఉంది కదా అనుకున్యా."

అప్పుడామె ఏదీ దాచకుండా చెప్పింది. అతని భయం తగ్గిపోవడం కాగితం మీద చూశానని, చూసి మురిసిపోయానని, రెండుసార్లు స్థాయి దించానని, పట్టీలు ఉంటే అతను లేచి నడిచేవాడని. ఫిరోజ్ కళ్లు మూసుకున్నాడు. క్షమించానని అనలేదు. తప్పు నీదనీ అనలేదు.

"మిగతావాళ్లకు చెప్పినావా?" అన్నాడు చివరికి.

లేదంది.

"పోయి చెప్పు."

సమితి మెడకాపును ఆపనంది. మెడకాపుతో వచ్చిన ఆ వేగానికి జనం అలవాటుపడ్డారు. కాడి కావాలో మెడకాపు కావాలో డ్రైవర్లే ఎంచుకోవచ్చని మాత్రం ఒప్పుకుంది. జట్లు ఒకదాని బలహీనత ఇంకొకటి తెలుసుకుంటాయని, పేర్లు నలుగురిలో చదవొద్దని షరతు పెట్టింది.

పందెంబాట పక్కన గదిలో పదిమంది కూర్చున్నారు. మందాకిని ఫిరోజ్ సంగతి పూసగుచ్చినట్టు చెప్పి, గోడమీద పది గీతలు చూపించింది. తొమ్మిది గీతలు ఏడాదికేడాది కిందికి జారి నేలకంటుకున్నాయి. ఒక్కటి మాత్రం మొదటిరోజు ఎక్కడుందో అక్కడే ఉంది. ఆ ఒక్కరిని తప్ప ఈ మెడకాపు ఇక ఎవరినీ కాపాడలేదని చెప్పింది. ఎవరి గీత ఏదో విడిగా అడిగితే చెబుతానంది.

ఎవరూ అడగలేదు. గదిలో ఒకరినొకరు జాలిగా చూసుకున్నారు. ఒకతను పక్కనున్నవాడి భుజం తట్టి, జాగ్రత్త బాబాయ్ అన్నాడు. ఆ బాబాయ్ నవ్వి, పైనున్న గీత ఎవరిదో నాకు తెలుసులేరా అన్నాడు. తొమ్మిదిమంది మెడకాపు దగ్గర సంతకం పెట్టి వెళ్లిపోయారు.

మిగిలింది ఎస్తేర్, బాపట్ల నుంచి వచ్చిన డ్రైవరు. ఆమె కాడి దగ్గర సంతకం పెట్టింది.

"నీ గీత చూస్తావా అమ్మా?" అంది మందాకిని.

"వద్దు మేడమ్. కింద పడిపోయినవాటిల్లో నాది కూడా ఉండే ఉంటది. తలచుకుంటేనే భయమేస్తోంది."

మందాకిని కాడిని ఆమె భుజాల మీద పెట్టింది. పట్టీలు హెల్మెట్‌కు తగిలించి, వదులుగా లేవని రెండుసార్లు లాగి చూసింది. ఎస్తేర్ కారువైపు నడిచి వెళ్లాక కిటికీలోంచి బయటికి చూసింది. ఆ తొమ్మిదిమందీ అప్పుడే కార్లెక్కుతూ, తలలు అటూ ఇటూ తిప్పుతూ కబుర్లాడుకుంటున్నారు. గోడమీద పైన నిలబడ్డ ఆ ఒక్క గీత ఎస్తేర్‌ది.